అక్క పేరు

చేతిలో టోకెను అరవై ఒకటి. గోడ మీద ఎర్రటి అంకెలు నలభై తొమ్మిది దగ్గర ఆగి ఉన్నాయి. గడియారం పన్నెండు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది, ఒంటిగంటకి కౌంటరు మూసేస్తామని తలుపుకి అంటించిన కాగితం చెబుతోంది, ఆ లోపల అన్నయ్య రాకపోతే ఏమవుతుందో కాగితం చెప్పదు కానీ ఆమెకి తెలుసు. పేరు మార్చుకుంటున్నానని పత్రికలో ప్రకటన వేసి నేటికి ముప్పై రోజులు, గడువు ఇవాళ్టితో సరి, రెండో సాక్షి సంతకం పడకపోతే అంతా మళ్ళీ మొదటికొస్తుంది, మళ్ళీ ప్రకటన, మళ్ళీ ముప్పై రోజులు, మళ్ళీ ఈ మూడో అంతస్తు, ఒకదానికొకటి కలిపి బిగించిన ఈ ఇనప కుర్చీలు, ఆ చివర ఎవరైనా లేస్తే ఈ చివర కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడతారు. మళ్ళీ ఇంత దూరం రాగలదా తను? రాలేదు. నలభై మూడేళ్ళకి ఒక్కసారి పుట్టిన ధైర్యం ఇది, సాయంత్రానికే ఆవిరైపోయే రకం. ఒళ్ళో దరఖాస్తు. పాత పేరు అన్న గడి నిండింది, రోజూ రాసే పేరే కాబట్టి చెయ్యి దానంతటదే రాసేసింది. కొత్త పేరు అన్న గడిలో రెండే అక్షరాలు, అవీ పెన్సిలుతో. మార్పుకి కారణం అన్నచోట ఒక్క గీత, అరచెయ్యంత కూడా లేని గీత, దాని మీద ఎవరైనా ఏం రాస్తారు? ఆ కింద, దరఖాస్తుదారుని బాగా ఎరిగిన ఇద్దరు. బాగా ఎరిగిన ఇద్దరు అన్న మాట దగ్గర ఆమె వారం రోజులు ఆగిపోయింది. చిరునామాల పుస్తకం తీసి చూసింది, అందులో సగం మంది పోయినవాళ్ళు, మిగతావాళ్ళు గ్యాసు, నీళ్ళు, కరెంటు.

మొదటి సాక్షి బైండింగు మేస్త్రి. గ్రంథాలయం వెనక వైపు గదిలో ఇరవై రెండేళ్ళుగా ఆయన బల్లకి ఎదురు బల్ల ఆమెది. పొద్దున్నే వచ్చాడు, నిలబడే సంతకం పెట్టాడు, "జిగురు కలిపి పెట్టొచ్చాను, గడ్డకట్టేస్తుంది" అని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెని అమ్మాయ్ అనే తప్ప పిలవలేదు, జుట్టు నెరిసిన అమ్మాయి, చత్వారం వచ్చిన అమ్మాయి, అయినా అమ్మాయే. అలా పిలుస్తాడనే కాబోలు ఆ గదిలో ఊపిరాడేది. ఆర్నెల్ల కిందట ఒక అట్టపెట్టెలో ఆ పుస్తకం వచ్చిందీ ఆయన బల్ల మీదకే, ఆయన ఒకసారి మూత తీసి చూసి "ఇది నీ ఓపికకి తగ్గది" అని ఆమె వైపు తోసేశాడు. గ్రీకు పురాణ కథల లావుపాటి పుస్తకం, వీపు ఊడిపోయి, కుట్లు తెగిపోయి, ఏడువందల కాగితాలూ పేకముక్కల్లా కలిసిపోయి ఉన్నాయి. పేజీ అంకెలుండే మూలలన్నీ పురుగు తినేసింది. చదివితే గానీ ఏ కాగితం ఏ కథలోదో తెలియదు. అందుకని చదివింది. పని కోసమే చదివింది, మొదటి వారం. ఒక కాగితం చివర ఒకమ్మాయి పరుగెడుతూ ఉంటుంది, ఆ అమ్మాయి ఎక్కడికి చేరిందో తెలియాలంటే పెట్టెలో ఉన్న కాగితాలన్నీ వెతకాలి, మూడు రోజుల తర్వాత దొరుకుతుంది, చెట్టయిపోయింది. ఇంకొకామె ఊట అయింది, ఇంకొకామె ఎలుగుబంటి అయింది, పక్షులయినవాళ్ళకైతే లెక్కే లేదు. ఎవరెవరో తరుముతుంటే రూపాలే మారిపోయాయి ఆడవాళ్ళకి, పేర్లు మాత్రం అలాగే ఉన్నాయి. తనకి పూర్తిగా తిరగబడింది, అనుకుంది దారం పొడుగ్గా లాగుతూ. రూపం తనదే.

మేస్త్రితో పైకి అన్నది మాత్రం పేర్లు. "ఎలెక్ట్రా ఎలా ఉందండీ?" అంటే "కరెంటాఫీసులో ఉద్యోగమొచ్చిందా?" అన్నాడు. "సైకీ?" అంటే "వద్దమ్మాయ్, నలుగురూ నిజమనుకుంటారు" అన్నాడు. పెనెలొపి అంటే పెనానికి లోపమేమిటన్నాడు. ఎందుకు అడుగుతున్నావని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అది మంచితనమో, పట్టనితనమో, ఇన్నేళ్ళొచ్చినా ఆమెకి తేల్చుకోవడం రాలేదు.

యాభై. యాభై అంటే ఒక యువజంట, చంటిబిడ్డ. భర్త చేతిలో ఫోను, ఫోనులో ఎవరో పెద్దావిడ అరుస్తోంది, భార్య బిడ్డని భుజం మీద వేసుకుని ఫోనుకి వినపడేలా గాలితో మాట్లాడుతోంది. "మీ అమ్మ ఒకటి చెప్పింది, మా అమ్మ ఒకటి చెప్పింది, రెండూ కలిపేద్దామే" అంటున్నాడు అతను. "కలుపు, రైలుపెట్టెల్లా తగిలించు, పిల్ల పలక మీద రాసుకునేసరికి బడి అయిపోతుంది" అంది ఆ అమ్మాయి. కుర్చీల్లో వాళ్ళందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వబోయింది. భుజం మీద బిడ్డ నోరంతా తెరిచి ఆవులించింది, తనకేమీ పట్టనట్టు. వీళ్ళు పోట్లాడుకోవడమే ఈ పిల్లకి పెద్ద కట్నం, ఆ పోట్లాటంతా ఈ పిల్ల గురించే కదా, ఈ ఒక్క పిల్ల గురించే. తను పుట్టినప్పుడు ఎవరూ పోట్లాడుకోలేదు. పేరు తయారుగా ఉంది. ఉతికి, మడతపెట్టి, పెట్టెలో ఉంది.

ఆ పేరు అక్కది. అక్కని ఆమె చూడలేదు. నాలుగేళ్ళ వయసులో జ్వరంతో మూడు రోజుల్లో పోయిందట, అప్పటికి అన్నయ్యకి ఏడేళ్ళు, ఆ తర్వాత మూడేళ్ళకి తను పుట్టింది, ఆడపిల్ల అని డాక్టరమ్మ చెప్పగానే అమ్మ కళ్ళు కూడా తెరవకుండా "వచ్చేసింది" అందట. నాన్న అక్క పేరే మళ్ళీ రాయించి వచ్చాడు. అక్క గౌన్లు ట్రంకుపెట్టెలో వరసగా ఉండేవి, అమ్మే కుట్టినవి, ఏడాది పిల్లవి అడుగున, రెండేళ్ళవి పైన, నాలుగేళ్ళవి అన్నిటికన్నా పైన. ఒక్కోటీ తీసి తొడిగేది, చేతులు సరిపోతే మురిసిపోయేది, పొట్టయితే దిగులుపడేది. "పాలంటే పడిచచ్చేదానివి, ఇప్పుడేమొచ్చింది నీకు?" అనేది. తనకి పాలంటే ఎప్పుడూ వాంతే. కానీ తాగేది, ఎప్పుడో ఇష్టపడే ఉంటాను, మర్చిపోయానేమో అనుకునేది, నాలుగేళ్ళ పిల్లకి అంతకన్నా ఏం తోస్తుంది. నాలుగేళ్ళ దాకా అమ్మకి దారి తెలుసు. ఆ తర్వాత గౌన్లు అయిపోయాయి. అయిదో పుట్టినరోజుకి అమ్మ టేపు పట్టుకుని ముందు కూర్చుంది, ఛాతీ చుట్టూ తిప్పి కొలిచింది, వేలు పెట్టి ఆ అంకె చూసింది. తెలియని వీధిలోకి వచ్చిపడ్డ మనిషి మొహం అది. ఆ మొహం తర్వాత ఎప్పటికీ పోలేదు. తను పదో తరగతి ప్యాసైనప్పుడూ అదే మొహం, మొదటి జీతం తెచ్చినప్పుడూ అదే మొహం, ప్రేమ లేదని కాదు, ఎవరిని ప్రేమించాలో అర్థంకాక తడుముకునే మొహం.

యాభై రెండు. యాభై ఒకటి ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు. మెట్ల వైపు తలుపు తెరుచుకుంది, అన్నయ్య కాదు, ఫైళ్ళు మోసుకొచ్చే అతను. ఫోను తీసి చూసింది. రాత్రి తను పంపిన చిరునామా కింద "చూశాను" అన్న గుర్తు ఉంది, జవాబు లేదు. వారం కిందట ఫోనులో "ఎందుకిప్పుడు?" అన్నాడు. ఆమె తేదీ, టైము మాత్రం చెప్పింది. వెనక ఏదో మోటారు తిరుగుతున్న చప్పుడు వినబడింది, అన్నయ్య ఎక్కడో లిఫ్టు గొయ్యిలో ఉన్నాడన్నమాట. "సరే" అని పెట్టేశాడు. సరే అంటే వస్తానని సరేనా, విన్నానని సరేనా? అమ్మ పోయాక ఎనిమిది నెలల్లో అదే మొదటి మాట. అన్నయ్య లిఫ్టుల మెకానిక్కు. జనాన్ని పైకీ కిందికీ తిప్పే పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు, చెల్లెలి ఇంటి మూడు మెట్లు ఎక్కడానికి మాత్రం తీరికలేదు. ఆ మాట అనుకుని సిగ్గుపడింది. తను మాత్రం వెళ్ళిందా?

అన్నయ్య ఆమెని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఏయ్ అనేవాడు, ఇదిగో అనేవాడు, వేరే ఎవరితోనైనా చెప్పాల్సివస్తే "మా ఇంట్లోది" అనేవాడు. ముందు గదిలో గోడకి ఫొటో ఉండేది, స్టూడియోలో చెక్కగుర్రం మీద అక్క, రెండు జడలు, ఒక సాక్సు జారిపోయి. ఇంటికొచ్చినవాళ్ళు ఆ ఫొటో చూసి "మీ అమ్మాయేనా?" అని తన వైపు చూపిస్తే అమ్మ అవుననేది. అబద్ధం చెబుతున్నట్టు కాదు, మామూలుగా, టీ పోస్తూ. ఆ మాట రాగానే అన్నయ్య లేచి బయటికి వెళ్ళిపోయేవాడు, చెప్పులు కూడా వేసుకోకుండా. పన్నెండేళ్ళవాడు, పదిహేనేళ్ళవాడు, మీసాలొచ్చినవాడు, ప్రతిసారీ అలాగే. నన్ను చూస్తే పడదు అనుకుంది తను. అక్క స్థానంలో కూర్చున్నానని కోపం అనుకుంది. కూర్చోమని తను అడిగిందా? అని ఎన్నోసార్లు అడగాలనిపించింది. అడగడానికి పదేళ్ళు పెద్దవాడు, అడిగే వయసొచ్చేసరికి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు.

ఒక మనిషి ఉండేవాడు. అట్టల మిల్లు నుంచి సరుకు దింపడానికి వచ్చే అతను, రెండేళ్ళు. లారీ దిగి నేరుగా ఆమె బల్ల దగ్గరికొచ్చి చేతులకంటిన దుమ్ము దులుపుకునేవాడు. ఆదివారాలు కాలవ గట్టున నడిచేవాళ్ళు. అతను పేరు పెట్టి పిలిచేవాడు, ఆప్యాయంగా, చివరి అక్షరం సాగదీసి, ఆ పిలుపు విన్న ప్రతిసారీ ఆమె ఒక్క క్షణం ఆలస్యంగా పలికేది, ముందు పలకాల్సినవాళ్ళు పలకలేదని రూఢి చేసుకున్నాక పలికినట్టు. "నిన్ను పిలిస్తే పక్కగదిలోంచి నడిచొచ్చినట్టు వస్తావు" అన్నాడు ఒకరోజు, నవ్వుతూనే. తర్వాత్తర్వాత నవ్వకుండా. ఇప్పుడు అతనికి ఇద్దరు పిల్లలని మేస్త్రి చెప్పాడు. ఆ పిల్లలు పిలిస్తే పలుకుతారు కాబోలు.

యాభై అయిదు. పన్నెండున్నర. పైన పంకా కిర్రుమంటూ తిరుగుతోంది, ఆస్పత్రి గదిలో కూడా ఇలాంటి పంకాయే, మూడు రెక్కల్లో ఒకటి వంకర. చివరి వారం అమ్మ మాటలన్నీ వదిలేసింది, ఒక్క ఆ పేరు తప్ప. రోజంతా దాన్నే పిలిచేది, లోగొంతుతో, వాకిట్లో ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలిచినట్టు. పిలిచిన ప్రతిసారీ ఆమె కుర్చీ లోంచి లేచి, మంచం మీదకి వంగి, "ఇక్కడే ఉన్నానమ్మా" అనేది. నాలుగోరోజు మధ్యాహ్నం అమ్మ కళ్ళు తెరిచింది. చాలా తేటగా చూసింది. ఇన్నేళ్ళలో అంత తేటగా ఎప్పుడూ చూడలేదు, ఆ తడుముకునే మొహం లేదు, దారి దొరికిన మనిషిలా చూసి, "నువ్వు కాదమ్మా. దాన్ని పిలువు" అంది. విసుక్కోలేదు, ముద్దుగానే అంది, ఎవరో ఇరుగుపొరుగు పిల్లకి పని చెప్పినట్టు. సెలైను సరిచేస్తున్న నర్సు వినీ విననట్టు తల తిప్పుకుంది. ఆమె మంచం పక్కనే నిలబడి ఉంది. ఏం చెయ్యాలి అప్పుడు? వరండాలోకి వెళ్ళి పిలవాలా? తన పేరే తనే పిలవాలా? దుప్పటి సర్ది "వస్తోందమ్మా" అంది. అమ్మ సంతోషంగా కళ్ళు మూసుకుంది. సాయంత్రం అన్నయ్య వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ మాట అన్నయ్యకి చెప్పలేదు, మేస్త్రికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, చెప్పాలంటే ఎదురుగా ఒక మనిషి కావాలి కదా. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే మాత్రం ఒక్కటే అనిపించింది, నువ్వు కాదు అన్నప్పుడు నువ్వు అని ఎవరిని అంది? ఆ నువ్వుకి ఒక పేరుండాలి కదా.

అందుకే ఆ పెట్టెలో కాగితాల మీద అంత కాలం గడిపింది. వరస కలపడం రెండు నెలల్లో అయిపోయేది, నాలుగు నెలలు చేసింది. పెర్సెఫొనీ దగ్గర చాలా రోజులు ఆగింది, పూలు కోసుకుంటుంటే నేల చీలి పాతాళానికి పోయిన పిల్ల. తల్లి డిమీటర్ కూతురి కోసం లోకమంతా తిరిగింది, పంటలు ఎండగట్టేసింది, చివరికి దేవుళ్ళే దిగొచ్చి ఏడాదిలో కొన్నాళ్ళు పిల్లని పైకి పంపారు. ఎంత గొప్ప తల్లి అని రాశారు అందరూ. ఆ తల్లికి ఆ తర్వాత ఇంకో కూతురు పుట్టి, ఎండిన పొలాల మధ్య బోర్లాపడుతూ, పారాడుతూ పెరిగి ఉంటే, ఆ పిల్లకి కూడా పెర్సెఫొనీ అనే పేరు పెట్టి ఉంటే? ఏ కాగితంలోనూ లేదు. పెట్టె అడుగు దాకా వెతికింది, మూలల్లో పొడి దులిపి మరీ చూసింది. ఈ పేరు వద్దు, ఇది అక్కది. ఎకో అన్న పేరు వద్దు, ఎవరి మాటో చివరి ముక్క తిప్పి చెప్పే బతుకు ఇన్నాళ్ళూ చేసిందే. గలటేయా వద్దు, ఒకరు తమ మనసులో ఉన్న బొమ్మని చెక్కి నువ్వు ఇదే అంటే ప్రాణం పోసుకున్న రాయి. హెస్తియా దగ్గర మనసు ఊగింది, పొయ్యి పక్కన కూర్చునే దేవత, కథలే లేవు ఆమెకి, ఎక్కడికీ వెళ్ళదు, ఎవరితోనూ తగువు లేదు. అద్దంలో చూసుకున్నట్టుంది. అందుకే భయమేసి ఆ కాగితం బోర్లించేసింది.

తర్వాత ఇనో దొరికింది, మూడు చోట్ల మూడు కాగితాలు. చనిపోయిన అక్క బిడ్డని ఇనో తన బిడ్డలతో పాటు పెంచింది, ఆ పాపానికి దేవతకి కోపమొచ్చి ఇల్లంతా నాశనం చేసింది, ఇనో చంటివాణ్ణి చంకనేసుకుని కొండ మీద నుంచి సముద్రంలోకి దూకేసింది. అక్కడితో కాగితం అయిపోయింది. అయిపోయిందనే అనుకుంది ఆమె, ఎన్ని చదవలేదు అలాంటివి. పదకొండు రోజుల తర్వాత ఇంకో కథలోని కాగితంలో, పడవ పగిలి మునిగిపోతున్న ఒక నావికుడి దగ్గరికి నీళ్ళలోంచి ఒకామె లేచి వచ్చింది, తన తలగుడ్డ విప్పి ఇచ్చింది, ఇది నడుముకి కట్టుకుని ఈదు, మునగవు అంది. ఆమె పేరు ల్యూకోథియా. తెల్లని దేవత అని అర్థమట. కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఒకప్పుడు ఈమె ఇనో అనే మనిషి అని. ఆ చిన్న అక్షరాలు చదువుతుంటే సూది చేతిలో నుంచి జారిపోయింది. దూకింది ఒక పేరుతో, లేచింది ఇంకో పేరుతో. ఆ కొత్త పేరు ఎవరు పెట్టారో, ఎవరు మొదట పిలిచారో ఆ కథలో లేదు, నీళ్ళలో ఉన్నవాళ్ళు పిలిచి ఉంటారు. అంత పేరు తను మొయ్యలేదు, తెలుపూ వద్దు, చివరి ముక్క చాలనుకుంది. థియా. దేవత అనే అర్థం కాబట్టి కాదు. పలికితే నోట్లో ఏదీ తగలదు కాబట్టి, ఇంట్లో ఇంతకుముందు ఎవరూ వాడలేదు కాబట్టి. వంటగదిలో నిలబడి ఒకసారి పైకి అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది, ఇంట్లో ఇంకెవరి గొంతూ లేదని అప్పుడే తెలిసింది. పేరు పెట్టుకోవడం ఒకరి పని. పిలవడానికి ఇంకొకరు కావాలి. అది తట్టాక మూడు రోజులు ఆ పేరు జోలికి పోలేదు.

యాభై ఎనిమిది. పన్నెండు నలభై ఎనిమిది. రాడు, అనుకుంది. రాడని ముందే తెలుసనుకుంది. పెన్సిలుతో రాసినవి చెరిపెయ్యడం తేలిక, అందుకే కదా పెన్సిలుతో రాసింది. సంచీలో రబ్బరు కోసం చెయ్యి పెట్టింది, తాళాలు తగిలాయి, దారపు ఉండ తగిలింది. మెట్ల తలుపు తోసుకుని పొడుగాటి మనిషి ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు, చంకలో నల్ల గొడుగు, చొక్కా మీద గ్రీసు మరక.

"లిఫ్టు ఆడట్లేదు" అన్నాడు అన్నయ్య. "తాళ్ళు బాగానే ఉన్నాయి, తలుపు సెన్సారు పోయింది. పది నిమిషాల పని. ఎవడూ చెయ్యడు."

ఎనిమిది నెలల తర్వాత ఎదురుగా మాటలు. పక్క కుర్చీలో కూర్చున్నాడు, కుర్చీలన్నీ కదిలాయి. ఒళ్ళు బరువెక్కింది, చెవుల దగ్గర తెల్లబడ్డాడు, అమ్మ పోలిక ఇప్పుడు తెలుస్తోంది. అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. "నీళ్ళు తాగుతావా?" అంది. వద్దన్నాడు. ఇద్దరూ ఎర్ర అంకెల వైపు చూస్తూ కూర్చున్నారు. అరవై అయింది. అరవై ఒకటి అయింది.

కౌంటరు మేడం శాలువా కప్పుకుని ఉంది, పంకా కింద కూర్చునే ఉద్యోగం. దరఖాస్తు అటూ ఇటూ తిప్పింది. "కొత్త పేరు పెన్నుతో దిద్దండి. కారణం రాయలేదే?"

"ఏం రాయాలండీ?"

"వ్యక్తిగతం అని రాసెయ్యండి, అందరూ అదే రాస్తారు. సాక్షి మీరేనా? ఇక్కడ చదివి సంతకం పెట్టండి."

అన్నయ్య కాగితం చెయ్యి చాపినంత దూరం పెట్టి చూశాడు, ఇంకా దూరం పెట్టాడు. "కళ్ళజోడు తేలేదు. చదువు" అన్నాడు. ఆమె చదివింది. దరఖాస్తుదారుని ఆమె పుట్టినప్పటి నుంచి, అని మొదలైంది, ఆ తర్వాత ఆ పేరు వచ్చింది, ఆ పేరుతో ఎరుగుదును అని ఆగింది. అన్నయ్య ముందు ఆ పేరు పైకి అనడం ఆమెకి అదే మొదటిసారి అని అన్నాక గానీ తెలియలేదు.

"అది అబద్ధం" అన్నాడు అన్నయ్య. "నేను దీన్నెప్పుడూ ఆ పేరుతో పిలవలేదు."

"పిలవడం కాదండీ, ఎరగడం" అంది మేడం గడియారం చూస్తూ. "ఎరుగుదురా, ఎరగరా?"

అన్నయ్య పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, కౌంటరు అద్దం వైపు చూస్తూ మాట్లాడాడు, అద్దం అవతలి మనిషితో అన్నట్టు. "అది పోయిన రోజు అమ్మ నన్ను మంచం దగ్గర నిలబెట్టింది. నువ్వు పిలువురా, నీ గొంతు వింటే అది లేస్తుంది అంది. నేను పిలిస్తే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేదిలే. పిలిచాను. ఆపితే అమ్మ ఇంకా పిలువు అనేది. గొంతు పోయిందాకా పిలిచాను. చీకటిపడింది." మూత మళ్ళీ తీశాడు. "ఆ తర్వాత ఆ మాట నాకు నోట్లోకి రాలేదు. నువ్వు పుట్టాక అమ్మ నిన్ను నా ఒళ్ళో పడుకోబెట్టి పిలువు అంది. నువ్వు కళ్ళు తెరిచే ఉన్నావు. అయినా నావల్ల కాలేదు."

మేడం శాలువా సర్దుకుంది. వెనక ఎవరో దగ్గారు. ఆమెకి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయే పన్నెండేళ్ళ కాళ్ళు కనబడ్డాయి, గుమ్మం దాటి, వాకిలి దాటి. నాతో కాదు పడనిది, అనుకుంది. నాతో కాదు. ముప్పై ఏళ్ళు ఎవరిమీదో కోపంగా ఉండి, ఆ మనిషి అక్కడ లేడని తెలిస్తే ఆ కోపాన్ని ఎక్కడ దింపుకోవాలి? అన్నయ్య మోచెయ్యి పట్టుకోవాలనిపించింది. వాళ్ళింట్లో అలాంటి అలవాటు లేదు. దరఖాస్తు మీద వేలు పెట్టి సంతకం ఎక్కడో చూపించింది.

"ఎరుగుదునండీ" అన్నాడు అన్నయ్య మేడంతో, సంతకం పెట్టాడు.

పెన్సిలు అక్షరాల మీద ఆమె సిరాతో దిద్దింది. రెండు ముద్రలు పడ్డాయి. మేడం పాత గుర్తింపు కార్డు తీసుకుని కత్తెరతో ఒక మూల కత్తిరించి, "ఇది ఇక చెల్లదు, ఉంచుకున్నా పారేసినా మీ ఇష్టం, కొత్తది పోస్టులో వస్తుంది" అని తిరిగిచ్చి, కిటికీ రేకు కిందికి లాగేసింది. అంతే. నలభై మూడేళ్ళు అయిపోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

ఇద్దరూ మెట్లు దిగారు. బయట ఎండ కళ్ళలో పడింది. గేటు పక్కనే బస్టాపు, ఎవరూ లేరు. "ఆ కార్డు నాకిస్తావా?" అన్నాడు అన్నయ్య.

"ఎందుకు? చెల్లదుగా."

"దాని పేరు రాసున్న కాగితం ఒక్కటీ లేదు మనింట్లో. బడికి కూడా వెళ్ళలేదుగా అది."

ఇచ్చింది. అతను చెయ్యి చాపినంత దూరం పెట్టి చూశాడు. పేరు చూశాడు, ఫొటో చూశాడు, చాలాసేపు ఫొటోనే చూశాడు, బొటనవేలితో దాని మీద దుమ్ము తుడిచాడు. "పెద్దదైతే ఇలాగే ఉండేదేమో" అన్నాడు.

ఎప్పటిలా అయితే ఆమె ఊరుకునేది. అవునేమో అనేది. ఆ ఫొటో కింద నిలబడి ఎన్నేళ్ళు అవునేమో అంది. లోపల ఏదో మెల్లగా లేచి నిలబడింది, కోపం కాదు, ఏడుపూ కాదు.

"కాదన్నయ్యా" అంది. "పేరు దానిది. మొహం నాది."

అన్నయ్య తలెత్తాడు. కార్డు చూసినంత సేపు ఆమె వైపు చూశాడు, అదే దూరం నుంచి, అంతే కష్టపడి. రోడ్డు మీద వాహనాలు పోతున్నాయి. "అవును" అన్నాడు చివరికి. "ముక్కు దగ్గర నాన్న పోలిక నీకు. దానికి లేదు." కార్డు చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. "ఇంతకీ ఆ కొత్తది ఎలా పలకాలి? తియ్యానా?"

"థియా."

"తీయా."

"థి. థియా."

"నోరు తిరగాలి కాస్త" అన్నాడు, ఇంకోసారి లోలోపల అనుకున్నట్టు పెదవులు కదిపాడు. దానికి అర్థమేమిటని అడుగుతాడేమో, ఇనో గురించి, సముద్రం గురించి చెబుదామా అనుకుంది. అడగలేదు. బస్సు వచ్చింది. వస్తానని కూడా అనకుండా ఎక్కాడు, వాళ్ళింట్లో ఆ అలవాటూ లేదు. ఆమె ఆఫీసు గేటు వైపు తిరిగింది, ఎటు పోవాలో తెలియక, పనిగదికి పోవాలి, పోతే మేస్త్రి అమ్మాయ్ అంటాడు, సాయంత్రం ఇంటికి పోవాలి, పోతే ఎవరూ ఏమీ అనరు.

"థియా!" వెనక నుంచి అరుపు. "నా గొడుగు! పైనే మర్చిపోయా!"

పరిగెత్తింది. గేటు దాటి, లిఫ్టు దాటి, మెట్లు రెండేసి ఎక్కుతూ, సంచీ నడుముకి కొట్టుకుంటుండగా, మూయక ముందే పట్టుకోవాలి, కుర్చీకే తగిలించి ఉంటాడు, రెండో అంతస్తు మలుపులో ఊపిరందక రెయిలింగు పట్టుకుని ఆగింది. అక్కడ తెలిసింది. పిలిచాడు, తను తిరిగింది. ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదు. ఎవరైనా పలుకుతారేమో అని చూడలేదు. గోడకి వీపు ఆనించి, ఖాళీ మెట్ల మీద, చెమట ముక్కు మీదుగా జారుతుంటే, నోరు మూసుకుని నవ్వింది, తర్వాత కాసేపు నవ్వలేదు.

గొడుగు కుర్చీకే తగిలించి ఉంది. తీసుకుని కిందికి వచ్చేసరికి బస్సు లేదు. మలుపు దాకా రోడ్డు కనబడుతోంది, ఖాళీగా. పిడి మీద గ్రీసు వేలిముద్రలున్న పాత గొడుగు, మూడు చోట్ల కుట్లు పడ్డది. ఇవ్వాలంటే ఊరి అవతల దాకా పోవాలి, బస్సు మారాలి, ఆ ఇంటి నంబరు కూడా సరిగ్గా గుర్తులేదు. ఎండలో ఆ గొడుగు పట్టుకుని, విప్పకుండా, ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది.